కిటికీలోంచి వేలాడే తాడు

ఆ రోజుల్లో, అంటే మరీ కిరసనాయిలు దీపాల కాలం కాదులెండి, అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఫోన్లో నొక్కితే బిర్యానీ ఇంటికొచ్చేది. ఆ రోజుల్లో ఒంటరితనం అంటే ముసలివాళ్ల జబ్బని నాకు గట్టి నమ్మకం. మోకాళ్ల నొప్పుల్లాగా, చత్వారంలాగా వయసు మీదపడ్డాక పట్టుకుంటుందనుకునేదాన్ని. బొబ్బిలి నుంచి డిప్లొమా సర్టిఫికెట్టూ అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ సీసా పట్టుకుని జంషెడ్‌పూర్లో, అంటే టాటానగర్ స్టేషన్లో దిగినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆదిత్యపూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం, బిష్టుపూర్లో ఆడపిల్లల హాస్టల్లో మంచం. గదిలో మిగతా ముగ్గురూ హిందీలో గలగలా మాట్లాడుకునేవాళ్లు. నా హిందీ అంతా 'హాఁ', 'నహీ', 'థోడా థోడా'లతో అయిపోయేది. సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేసి ఇక్కడ అంతా సందడే అని చెప్పి, ఫోన్ పెట్టేసి, తిరుగుతున్న ఫ్యాను కేసి చూస్తూ పడుకునేదాన్ని. దాన్ని ఒంటరితనం అంటారని మాత్రం నాకు తట్టలేదు. అలసట అనుకున్నాను.

మా తెలుగు సంఘంలో ఒకావిడ ఉండేది. పదవి వాళ్లాయనది, అధికారం ఆవిడది, అందుకని అందరూ ఆవిణ్ణి సెక్రటరీ అత్త అనేవాళ్లు. ఆ ఏడు ఉగాది పచ్చడి పంచుతూ పంచుతూ గరిటె ఆపి, "ఈ ఊళ్లో మనోళ్లలో ఒంటరి ముసిలోళ్లున్నారు, ఒంటరి కుర్రోళ్లూ ఉన్నారు. రెండూ కలిపీత్తే సరిపోద్ది కదేటి?" అంది, పప్పూ బియ్యం కలిపి రుబ్బేస్తే అట్లపిండి అయిపోతుందన్నంత తేలిగ్గా. అక్కడికక్కడే స్టీలు డబ్బాలో చీటీలు వేసింది. ప్రతి కుర్రాడూ, ప్రతి గుంటా ఒక చీటీ తియ్యాలి, అందులో పేరున్న పెద్దవాళ్లింటికి ఆదివారం ఆదివారం వెళ్లి ఓ గంట కూర్చోవాలి. ముందు వాళ్లబ్బాయి చేతనే తీయించబోతే వాడు హిందీలో "మమ్మీ, ముఝే ఛోడో నా" అని బండెక్కి వెళ్లిపోయాడు. (ఒకే ఇంట్లో ఉంటూ తల్లి తెలుగుకి హిందీలో జవాబిచ్చే కొడుకుల కోసం మాత్రం ఆవిడ ఏ పథకమూ పెట్టలేదు.) నేను వెళ్లింది దయాగుణంతో అనుకునేరు. చీటీ తీసినవాళ్లకి సంఘంలో ఆదివారం పులిహోర ఉంటుందన్నారు, అదీ సంగతి. నా చీటీలో 'క్రేన్ తాత, భాలుబాసా' అని ఉంది. పక్కనున్నావిడ చూసి, "ఓలమ్మ, ఆయనా? పిల్లా పీచూ లేరు, పెళ్లాం పోయింది, నోరు తెరిస్తే తిట్టే" అని నా చేతిలో ఇంకో గరిటెడు పచ్చడి వేసింది.

క్రేన్ తాత ఉక్కు కంపెనీలో పెద్ద క్రేన్ నడిపి రిటైరైన మనిషి. జీవితమంతా షెడ్డు కప్పు కింద, అందరికంటే పైన, చిన్న గదిలో ఒక్కడూ కూచుని ఇనప దుంగలు ఎత్తి దించినవాడు కాబట్టి మనిషితో ఎదురెదురుగా కూచుని మాట్లాడే అలవాటు తక్కువ. మొదటి ఆదివారం తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, "ఏటి గుంటా, నీకేటీ పన్లేదా?" అన్నాడు. "ఆదివారం నాకే పనీ లేదు తాతా" అన్నాను, అది నిజం కూడా. కాసేపు ఆలోచించి, "నాకూ నేదు. కూకో" అన్నాడు. అలా మొదలైంది. చిక్కటి టీ ఇచ్చేవాడు, దాంతో మిరపకాయ బజ్జీలు తెప్పించేవాడు, నా చేత ఊరి బోగట్టాలు చెప్పించుకునేవాడు. ఆయనది పుట్టుక పలాస దగ్గర, మాట మా తాత మాటే. 'తొంగున్నావా', 'ఏటయినాది', 'ఊసులాడకు' అంటుంటే నా చెవులకి వేడినీళ్ల స్నానంలా ఉండేది. నెల తిరిగేసరికి నేను పులిహోర సంగతి మర్చిపోయి తిన్నగా భాలుబాసా ఆటో ఎక్కేస్తున్నాను. బయల్దేరేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "మళ్లీ ఆదివారమే రా. మజ్జిలో రాకు." ఏదో మొహమాటానికి అంటున్నాడనుకున్నాను. ఆ ముసలాయన నోట మొహమాటం అన్న మాటకి చోటే లేదని అప్పటికే తెలియాల్సింది.

ఒక బుధవారం మా ఫ్యాక్టరీలో కరెంటు పని ఉందని సెలవిచ్చారు. ఆ పొద్దున్నే ఊరి మనిషి ఒకాయన టాటానగర్ స్టేషన్లో దిగి, అమ్మ పంపిన సున్నుండల డబ్బా నా చేతిలో పెట్టాడు. సున్నుండలు ఒక్కర్తీ తినే వస్తువు కాదు. పైగా కిందటి ఆదివారం తాత గుండె రాసుకుంటూ "మంటగా ఉన్నాదే" అన్నాడు. ఆ మాట నాకు మూడ్రోజులుగా బుర్రలో తిరుగుతోంది. సరే, ఆయన వద్దంటే నేను ఆగే రకమా, పదకొండింటికల్లా భాలుబాసాలో దిగాను. తలుపు కొట్టాను. పలకలేదు. లోపల రేడియో మోగుతోంది, బాగా గట్టిగా, ఎవరో హిందీలో బంగాళదుంపలు నిలవ చెయ్యడం ఎలాగో రైతులకి చెబుతున్నారు. సైకిలు గోడకి ఆనించి ఉంది. చెప్పులు గుమ్మం పక్కన ఉన్నాయి. తలుపు లోపల్నించి గడియ పెట్టి ఉంది. "తాతా" అని పిలిచాను, అరిచాను, గుప్పిళ్లతో బాదాను. ఫోన్ చేశాను. లోపల ఆయన ఫోను మోగుతూ మోగుతూ ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ మోగి ఆగింది. బంగాళదుంపలాయన మాత్రం ఆగలేదు.

ఇంటి పక్కకెళ్లి కిటికీ రెక్క సందులోంచి చూశాను. చీకటి. కళ్లు అలవాటు పడ్డాక మంచం చివర రెండు పాదాలు కనబడ్డాయి. బొటనవేళ్లు పైకి చూస్తూ, పక్కపక్కనే, కదలకుండా. నేను ఊపిరి బిగబట్టి ఆ వేళ్ల కేసి చూస్తూ నిలబడ్డాను, ఒక్కసారి ఆడితే చాలని సింహాచలం అప్పలనర్సయ్యకి మొక్కుకున్నాను. ఆడలేదు. సున్నుండల డబ్బా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలీదు. ఒక పక్కింటికి తాళం, పెళ్లికెళ్లారట. రెండో పక్కింట్లో కోచింగు చదివే కుర్రాళ్లు. వాళ్లని లేపి, నా థోడా థోడా హిందీలో ఏడుస్తూ అడిగితే, "అంకుల్ కో దిన్ మే కభీ దేఖే నహీ దీదీ" అన్నారు. పగలు ఆయన్నసలు ఎప్పుడూ చూడలేదట. పక్క గోడ అవతల మనుషులున్నా మనిషి ఉన్నదీ లేనిదీ తెలియలేదంటే నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఈ ఊళ్లో నన్ను 'గుంటా' అని పిలిచేవాడు ఆయనొక్కడే, ఆ పిలుపు కూడా పోయిందనుకున్నాను. సెక్రటరీ అత్తకి ఫోన్ చేసి, "అత్తా, తాత పలకట్లేదు" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు, దేవుడి మీద ఒట్టు. మిగతాదంతా మన సంఘం వాళ్లే కలుపుకున్నారు.

అరగంట కాలేదు, సందు నిండిపోయింది. ఆటోలు దిగుతున్నారు, బళ్లు దిగుతున్నారు. తాత ఇంటికి ఇన్నాళ్లలో ఒక్కసారీ రానివాళ్లు కూడా తువ్వాళ్లు భుజాన వేసుకుని వచ్చేశారు. అందరికంటే ముందు వచ్చింది ఏర్పాట్ల మావయ్య. జంషెడ్‌పూర్లో తెలుగువాడు ఎవడు పోయినా వెదుర్ల దగ్గర్నుంచి కుండ దాకా సమస్తం చూసేది ఆయనే. మనిషి మంచివాడు, కాకపోతే చేతిలో పని ఉంటే మొహం కళకళలాడిపోతుంది. "పూలోడికి సెప్పీసినాను. శ్మశానం ఘాటు కాడికి ఫోన్ సేసీసినాను" అంటూ దిగాడు. "ఇంకా లోపలికే వెళ్లలేదు మావయ్యా" అన్నాను. "ఎల్దాం, ఎల్దాం, అదెంత సేపు" అన్నాడు. కోచింగు కుర్రాళ్లలో జిమ్ముకెళ్లేవాడు ఒకడు భుజంతో తలుపు గుద్దాడు. తలుపు కదల్లేదు, వాడు భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఆ కాలపు టేకు తలుపు అది. చివరికి మావయ్య సుత్తి తెప్పించి మడతబందులు ఊడగొట్టాడు. తలుపు చెక్క ఫెళ్లుమని లోపలికి పడింది. ఆ చప్పుడికి సందు చివరి కుక్కలు కూడా లేచాయి. మంచం మీద మనిషి మాత్రం లేవలేదు.

లోపలికి అడుగుపెట్టి చూసి సెక్రటరీ అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాత వెల్లకిలా తిన్నగా పడుకుని ఉన్నాడు. రెండు చెవుల్లో దూది. గడ్డం కిందనుంచి నెత్తి మీదికి తువ్వాలు బిగించి కట్టి ఉంది. దవడ జారకుండా కట్టేది ఎవరికో మీకు వేరే చెప్పాలా. మావయ్య వంగి చూసి, మొహం ముడుచుకుని, "దవడ కట్టీసినారు. మనకన్నా ముందు ఎవులో వచ్చీసినారు" అన్నాడు. ఆ గొంతులో దుఃఖం కంటే తన పని ఇంకెవరో చేసేశారన్న రోషమే ఎక్కువుంది. లోపల్నించి గడియ వేసుకున్న ఇంట్లోకి ఎవరొచ్చి కడతారన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు, నాకూ రాలేదు. నేను మంచం కాళ్ల దగ్గర కూలబడి ఆ పాదాలు పట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. చెబుదామని తలెత్తాను. ఇంతలో ఎవరో పెద్దాయన, "చావింట్లో ఆ రేడియో ఏటి, కట్టండి" అని మీట నొక్కాడు.

రేడియో ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి తాత టక్కున కళ్లు తెరిచి, దవడ కట్టు కట్టున్నట్టే లేచి కూచున్నాడు. అత్త కెవ్వుమని కేకేసి గుమ్మంలో పడున్న తలుపు మీద నుంచే బయటికి పరిగెత్తింది. ఏర్పాట్ల మావయ్య, ఇన్ని చావులు చూసిన మనిషి, గోడకి అంటుకుపోయాడు. తాత తువ్వాలు లాగి పారేసి, చెవుల్లో దూది తీసి, మా అందర్నీ చూసి, "ఏటయినాది? బ్రేక్‌డౌనా? మిల్లెందుకాగిపోనాది?" అన్నాడు. (ఆ తర్వాత నాకు తెలిసింది, మిల్లు హోరులో బతికినవాళ్లకి చప్పుడు నిద్రపుచ్చుతుంది, చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది.) అప్పుడు ఊడిపోయిన తలుపు చూశాడు. మావయ్య చేతిలో సుత్తి చూశాడు. వాకిట్లో అప్పుడే దిగిన వెదుర్లు చూశాడు. అవి ఎవరికో అర్థమయ్యేసరికి ఆయన మొహం రంగు మారిపోయింది.

"సి షిఫ్టోడి తలుపు కొడతారా ఎవులైనా? మీ అయ్యలు ఈ ఊళ్లో పన్లు సెయ్యలేదా?" అన్నాడు. సి షిఫ్టంటే రాత్రి షిఫ్టు. ఈ మాట బయటివాళ్లకి ఎలా ఉంటుందో గానీ, జంషెడ్‌పూర్లో పుట్టినవాళ్లకి చెంపదెబ్బే. నాన్న రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుంటే గిన్నె చప్పుడు చెయ్యకుండా, గోళీలాట మానేసి, సందులో ఐస్‌క్రీం బండివాణ్ణి కూడా నోరు మూయించి పెరిగిన ఊరిది. అందరూ తలలు దించేసుకున్నారు. సెక్రటరీ అత్త గుమ్మంలోంచే ధైర్యం చేసి, "మరి మీరు రిటైరయిపోయి సానాళ్లయింది కదేటి. ఇంకా సి షిఫ్టేటి?" అంది. తాత చెవిలోంచి తీసిన దూదిని వేళ్ల మధ్య నలిపాడు. "ఇంట్లో ఒక్కణ్ణీ పగలంతా మెలకువగా ఉండి నానేటి సెయ్యాల? గోడలు సూడాలా? కంపెనీ గేటు కాడ టీ కొట్టున్నాది. షిఫ్టు మారినప్పుడు మా క్రేనోళ్లు అక్కడికొత్తారు, చాచా అంటారు. ఆళ్లకి ఏ షిఫ్టయితే నాకూ ఆ షిఫ్టే. ఆదివారం నాకు ఆఫు" అన్నాడు. 'మజ్జిలో రాకు' అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది. నా కేసి తిరిగి, "నువ్వు ఇంక రాకు" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండును.

తర్వాతి ఆదివారం వెళ్లాను. తలుపు కొత్తది, గడియ కొత్తది. కిటికీలోంచి నన్ను చూసి రెక్క మూసేసుకున్నాడు. ఆపై ఆదివారమూ అంతే. సంఘంలో వెదుర్ల కథ చిలవలు పలవలు వేసి ఊరంతా నవ్వుకున్నారు. నేనూ పైకి నవ్వేదాన్ని. హాస్టలుకెళ్లి ఫ్యాను కేసి చూస్తూ, ఉన్న ఒక్క ఇంటి తలుపూ నేనే విరగ్గొట్టించుకున్నానని కుమిలిపోయేదాన్ని. అమ్మకి మాత్రం ఇక్కడ సందడిగా ఉందనే చెబుతూ వచ్చాను. (వెదుర్లు కూడా దిగాయి కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు.)

ఇంతలో ఫ్యాక్టరీలో నాకూ సి షిఫ్టు పడింది. రాత్రంతా మేలుకోవడం కష్టం కాదు, పగలు పడుకోవడమే గండం. హాస్టల్లో ఒకమ్మాయి మిక్సీ, ఒకమ్మాయి హెయిర్ డ్రయ్యరు, ఒకమ్మాయి ఫోన్లో పెళ్లి సంబంధం. వరసగా మూడు పగళ్లు రెప్ప వాలక, నాలుగో రాత్రి మిషను పక్కనే నిలబడి తూలాను. సూపర్‌వైజరు భుజం పట్టి వెనక్కి లాగకపోతే ఏమయ్యేదో. "ఇంకోసారి ఇలా కనబడితే ఇంటికి పంపించేస్తా" అన్నాడు. పొద్దున్న షిఫ్టు దిగి, ఎక్కడికెళుతున్నానో తెలీకుండా ఆటో ఎక్కాను. కళ్లు మండిపోతున్నాయి. దిగి చూస్తే భాలుబాసా. తాత అప్పుడే గేటు దగ్గర్నుంచి వచ్చి సైకిలు గోడకి ఆనిస్తున్నాడు. నన్ను చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. తర్వాత నా బూట్లు చూశాడు, చేతిలో హెల్మెట్టు చూశాడు, ఎర్రబడ్డ కళ్లు చూశాడు.

"ఏ షిఫ్టు?" అన్నాడు.

"సి" అన్నాను. ఆ ఒక్క అక్షరానికే ఏడుపొచ్చేసింది.

తలుపు తీశాడు. షిఫ్టు దిగొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం ఆయన ఎరగడు. ముందు గదిలో నవారు మంచం వాల్చాడు, చద్దన్నంలో మజ్జిగ పోసి ఇచ్చాడు, చేతిలో ఇంత దూది పెట్టాడు. తువ్వాలు గడ్డం కిందనుంచి ఎలా కట్టాలో చూపించాడు. "దూది ఊడకుండా కడతాం, అంతే. నీకూ మీ సంఘానికీ సావు తప్ప మరేటీ గురుతు రాదా?" అని గొణిగి, రేడియో పెద్దగా పెట్టాడు. రైతులకి టమాటాల గురించి చెబుతున్నారు. మొదటి టమాటా దాకా విన్నాను. మళ్లీ మెలకువ వచ్చేసరికి కంపెనీ సైరను కూస్తోంది, మధ్యాహ్నం రెండు. అంత నిద్ర నేను బొబ్బిలి వదిలాక పోలేదు. లేచి చూస్తే తాత తన మంచం మీద కూచుని, కుడికాలి బొటనవేలికి నులక తాడు కట్టుకుని, రెండో కొస కిటికీలోంచి బయటికి వేస్తున్నాడు.

"ఇదేటి తాతా?"

"మళ్లీ నీకు అనుమానమొత్తే ఈ తాడు లాగు. లెగుత్తాను. లెగనేదనుకో, అప్పుడు తలుపు కొట్టు." కొస ముడేస్తూ నా కేసి చూడకుండా అన్నాడు, "ఆ దినం అందరూ వచ్చీసినారు కదా. నాకు సిగ్గేసింది గానీ... వచ్చినారు కదా."

ఆ తర్వాత ఆ తాడు పుణ్యమా అని సందులో పిల్లలకి పండగైంది, రోజుకొకడు లాగి పరిగెత్తేవాడు, లోపల్నించి తిట్లు. సెక్రటరీ అత్త చీటీలు మానేసి, ముసలివాళ్లకీ కుర్రాళ్లకీ షిఫ్టులు సరిపడేలా జతలు కలపడం మొదలుపెట్టింది. ఏర్పాట్ల మావయ్య మొహమాటపడుతూ ఒకరోజు వచ్చి, ఆ వెదుర్లతోనే తాత పెరట్లో చిక్కుడు పందిరి వేసి వెళ్లాడు. ఇప్పటికీ కాస్తోంది. తాత మాత్రం క్రేనోళ్ల షిఫ్టు వదిలేసి నా షిఫ్టు పట్టుకున్నాడు.

ఇప్పుడు నాకు పెళ్లయి, రెండు సందుల అవతలే ఉంటున్నాం. మా ఆయన జనరల్ షిఫ్టు మనిషి, పగటి నిద్ర విలువ తెలీదు. మా కిటికీలోంచి కూడా ఒక తాడు వేలాడుతుంది. నాకు సి షిఫ్టు పడ్డ వారం, రెండు గంటల సైరను కూయగానే తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి దాన్ని లాగుతాడు. నేను కదలకపోతే ఇంకోసారి లాగి, "తలుపు ఇరగ్గొట్టనేదు, సంతోసించు" అంటాడు. మొన్న ఒకరోజు సైరను కూసింది, తాడు కదల్లేదు. కళ్లు మూసుకునే ఎదురుచూశాను. బొటనవేలికి తాడుతో, దవడకి తువ్వాలుతో, పీనుగులా బిగుసుకుని. ఎంతకీ కదలకపోయేసరికి తాడు ఊడదీసి, ఆ అవతారంలోనే భాలుబాసా సందుల్లో పరిగెత్తాను. తువ్వాలు కట్టు విప్పడం కూడా మర్చిపోయాను, జనం దారిచ్చారు. తాత ఇంట్లో రేడియో మోగుతోంది. సైకిలు ఉంది. చెప్పులు ఉన్నాయి. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, తలుపు బాదలేదు, ఆపాటి బుద్ధి వచ్చింది నాకు. కిటికీ దగ్గర నిలబడి తాడు పట్టుకున్నాను గానీ లాగడానికి చెయ్యి రాలేదు. ఇరవై రెండేళ్ల గుంట అయితే ఈపాటికి సందంతా పోగు చేసి ఉండేది. దానికున్న ధైర్యం నాకిప్పుడు లేదు. చివరికి మెల్లిగా, దారం తెగుతుందేమో అన్నంత మెల్లిగా లాగాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల్నించి ఎదురు లాగుడు వచ్చింది.

"ఉన్నాన్లే గుంటా. మోకాలు పట్టీసింది, రానేకపోనాను. ఎల్లి తొంగో."